గచ్చిబౌలి స్టేడియంలో ఫుట్‌బాల్: ఎక్కడ కూర్చుంటే ఆట కనిపిస్తుంది

గచ్చిబౌలిలో మ్యాచ్‌కి టికెట్ తీసుకునేటప్పుడు ధర కన్నా ముందు చూసుకోవాల్సింది సీటు ఏ వైపు ఉందన్నది. పొడుగు వైపున, మధ్య గీతకు దగ్గరగా, వీలైనంత పైవరసలో దొరికితే ఐదుకి నాలుగు మార్కులు వేయొచ్చు. గోల్ వెనకాల కింది వరసల్లో దొరికితే రెండుకి మించి వేయలేం. స్టేడియం అదే, ఆట అదే, ఫ్లడ్‌లైట్లూ అవే. తేడా అంతా కొలతల్లో ఉంది.

దీని అసలు పేరు జీఎంసీ బాలయోగి అథ్లెటిక్ స్టేడియం. 2002 జాతీయ క్రీడల కోసం కట్టారు, మరుసటి ఏడాది ఆఫ్రో-ఆసియా క్రీడలూ ఇక్కడే జరిగాయి. సుమారు 30 వేల మంది పడతారు. పేరులో ఉన్నట్టే ఇది పరుగు పందేల మైదానం, ఫుట్‌బాల్‌కి తర్వాత సర్దిచ్చిన చోటు. ప్రామాణిక 400 మీటర్ల ట్రాక్ లోపలి ఖాళీ పొడవు 157 మీటర్లు, వెడల్పు 73 మీటర్లు ఉంటుంది. అందులో 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉన్న ఫుట్‌బాల్ మైదానం గీస్తారు. పక్కల మిగిలేది ఒక్కో వైపు రెండున్నర మీటర్లే. గోల్ వెనకాల మాత్రం ఒక్కో వైపు 26 మీటర్లు మిగిలిపోతుంది. దాని మీద ఎనిమిది లేన్ల ట్రాక్ ఇంకో పది మీటర్లు. అంటే పొడుగు వైపు మొదటి వరసకీ ఆటకీ మధ్య పన్నెండు, పదమూడు మీటర్ల దూరం ఉంటే, గోల్ వెనక మొదటి వరసకి ముప్పై ఆరు మీటర్ల దూరం ఉంటుంది. ఇక అవతలి గోల్ అంటారా, 140 మీటర్ల పైమాటే. అంత దూరంలో చొక్కా మీద నంబర్ కనపడదు. కార్నర్‌కి ఎవరు తల పెట్టారో, బంతి గీత దాటిందో లేదో తెలియదు. స్టాండ్ అవతలి చివర కేక వినిపించాకే గోల్ అయిందని అర్థమవుతుంది.

కింది వరసలతో ఇంకో ఇబ్బంది ఉంది. పొడుగు వైపున మైదానం అంచున నిలబెట్టే ప్రకటన బోర్డులు దాదాపు మీటరు ఎత్తు ఉంటాయి. మొదటి మూడు నాలుగు వరసల్లో కూర్చుంటే మన కంటికీ దగ్గరి టచ్‌లైన్‌కీ, అంటే మైదానం పక్క గీతకీ, మధ్య అవే అడ్డం. మనవైపు వింగ్‌లో, అంటే మైదానం పక్క అంచున, పరిగెత్తే ఆటగాడి కాళ్లు కనపడవు, మోకాళ్ల పైన మాత్రమే కనిపిస్తాడు. బంతిని ఏ కాలితో ఆపాడో, త్రో ఎవరికి రావాలో ఊహించుకోవాల్సిందే. కన్ను నేలకి మూడు మీటర్ల ఎత్తులో ఉంటే అవతలి టచ్‌లైన్ వైపు చూపు రెండు డిగ్రీలే కిందికి వంగుతుంది. ఇరవై రెండు మంది ఒకరి మీద ఒకరు పడినట్టు కనిపిస్తారు, మధ్యలో ఉన్న ఖాళీ తెలియదు. అదే పన్నెండు మీటర్ల ఎత్తుకి వెళ్తే చూపు ఏడు డిగ్రీల దాకా వాలుతుంది. అప్పుడు నలుగురు డిఫెండర్ల వరస, దాని వెనకాల ఖాళీ, ఆ ఖాళీలోకి ఎవరు పరిగెడుతున్నారన్నదీ విడివిడిగా కనపడతాయి. ట్రాక్ ఉన్న స్టేడియంలో ‘ముందు వరస మంచి వరస’ అన్న లెక్క చెల్లదు. దగ్గరగా కూర్చోవాలన్న ఆశని ఇక్కడ వదులుకోవాలి, బదులుగా ఎత్తు తీసుకోవాలి.

ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో ఈ నగరం క్లబ్‌గా ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీ మంచి రోజుల్లో ఆడిన ఆట చూసినవాళ్లకి ఆ ఎత్తు విలువ బాగా తెలుసు. కోచ్ మనోలో మార్కెజ్ జట్టు వింగ్‌ల మీదుగా ముందుకెళ్లేది. ఎడమ వైపు ఫుల్‌బ్యాక్ (అంచున ఆడే డిఫెండర్) ఆకాష్ మిశ్రా ముందుకి కదలడం మొదలుపెడితే, బంతి ఇంకా అవతలి వైపే ఉండగానే ఏం జరగబోతోందో పైవరస నుంచి తెలిసిపోయేది. టీవీ కెమెరా బంతి వెంట వెళ్తుంది కాబట్టి ఆ పరుగు మొదలైన చోటు తెర మీద దొరకదు. స్టేడియానికి వెళ్లినందుకు టికెట్ డబ్బులు గిట్టేది అక్కడే. గోల్స్ కొట్టే స్ట్రైకర్ ఒగ్బెచే విషయమూ అంతే. బంతి దగ్గర లేనప్పుడు ఇద్దరు సెంటర్‌బ్యాక్‌ల మధ్య నిలబడి, చివరి క్షణంలో రెండడుగులు వెనక్కి వేసేవాడు. ఆ రెండడుగులూ పైనుంచి చూస్తేనే కంటికి చిక్కేవి.

ఆ జట్టు గొప్పదనంలో ఎక్కువ భాగం ఈ స్టేడియం చూడనే లేదు. అదే ఈ నగరం అభిమానుల గుండెల్లో ఉండిపోయిన లోటు. 2019 నవంబర్ 2న ఇక్కడ మొదటి హోమ్ మ్యాచ్ జరిగింది. కేరళ బ్లాస్టర్స్ ముందు గోల్ కొట్టినా, పెనాల్టీతో సమం చేసి, 81వ నిమిషంలో మార్సెలినో ఫ్రీకిక్‌తో 2-1 గెలిచాం. ఆ ఆనందం ఎక్కువ కాలం నిలవలేదు, ఆ సీజన్ పట్టికలో అట్టడుగున ముగిసింది. తర్వాత కోవిడ్ వల్ల వరుసగా రెండు సీజన్లు మొత్తం గోవాలోనే ఆడించారు. ఒగ్బెచే 18 గోల్స్ కొట్టింది ఆ ఖాళీ స్టేడియాల్లోనే. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో మళ్లీ అదే బ్లాస్టర్స్‌తో ఐఎస్‌ఎల్ ఫైనల్. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గాల్లోంచి దిగుతున్న బంతిని నేల తాకనివ్వకుండా కొట్టి సమం చేశాడు. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1తో కప్పు మనదైంది. ఇంతా జరిగాక కూడా ఆ జట్టు సొంత ఊళ్లో అభిమానుల ముందు ఆడింది ఒక్క నిండు సీజనే, 2022-23. ఆ ఏడాది లీగ్ పట్టికలో రెండో స్థానం. 2023 మార్చి 9న ఏటీకే మోహన్ బగాన్‌తో సెమీఫైనల్ మొదటి మ్యాచ్ ఇక్కడే 0-0గా ముగిసింది, నాలుగు రోజుల తర్వాత కోల్‌కతాలో పెనాల్టీల్లో పోయింది. మరుసటి సీజన్‌లో డబ్బు కష్టాలు, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోవడం, 22 మ్యాచ్‌లకి ఒకే గెలుపు. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది. పసుపు, నలుపు జెర్సీలు ఇళ్లలో ఉండిపోయాయి.

స్టాండ్‌లో కలిసి పాడాలనుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఈ స్టేడియంలో ఒక గోల్ వెనక కొట్టిన డప్పు రెండో గోల్ వెనక్కి చేరడానికి అర సెకను పైనే పడుతుంది. రెండు పొడుగు వైపుల మధ్య అయితే పావు సెకను. సెకనుకి రెండు చప్పట్ల వేగంతో కొడుతుంటే అవతలి చివర వాళ్లు చెవితో వింటూ కలిసేసరికి దాదాపు ఒక దెబ్బ వెనకబడతారు. ఇద్దరూ పక్కాగానే కొడుతున్నా, దరువులో దెబ్బలు మారుతుంటే మధ్యలో కూర్చున్నవాళ్లకి గందరగోళంగా వినిపిస్తుంది. అందుకే తీన్‌మార్ దరువు గుంపంతా ఒకే బ్లాకులో ఉన్నప్పుడే పండుతుంది. రెండు వైపులా కలిసి కొట్టాలంటే చెవిని నమ్మకూడదు, చేతులు పైకెత్తి నడిపించే మనిషిని చూస్తూ కొట్టాలి. హైదరాబాద్ ఎఫ్‌సీ అభిమానుల డెక్కన్ లీజియన్ లాంటి బృందాలు ఒకే చోట గుంపుగా నిలబడటానికి ఇదొక మంచి కారణం. డప్పులకీ, కర్రలున్న జెండాలకీ ముందే అనుమతి అడగాలి. లేకపోతే గేటు దగ్గరే ఉండిపోతాయి. ప్లాస్టిక్ గొట్టం పెట్టిన జెండా అయినా సరే, మొదటి తనిఖీలో ఒప్పుకున్నారని రెండో తనిఖీలో ఒప్పుకోవాలని లేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాం. సీసాలు, పవర్‌బ్యాంకులు, చిల్లర నాణేలు తీసుకెళ్లకండి. ఇంటికి తిరిగి వెళ్లే క్యాబ్ బుక్ చేయడానికి ఫోన్‌లో చార్జింగ్ మిగలాలంటే సగం ఆట వీడియో తీయడం మానుకోవాలి. సాయంత్రం 5 గంటల మ్యాచ్‌కి తూర్పు వైపు టికెట్ తీసుకుంటే మొదటి సగంలో పడమటి ఎండ సూటిగా కళ్లలో పడుతుంది, టోపీ తప్పదు. 7:30 మ్యాచ్‌కి ఆ బాధ లేదు. అక్టోబర్‌లో వాన భయం ఉంటుంది కాబట్టి కప్పు కింద సీటా కాదా టికెట్ తీసుకునేటప్పుడే చూసుకోండి. గొడుగు లోపలికి రానివ్వకపోవచ్చు, మడత పెట్టే రెయిన్‌కోటు నయం. డిసెంబర్, జనవరి రాత్రుల్లో పైవరసల్లో చలిగాలి గట్టిగానే కొడుతుంది. పిల్లల్ని తీసుకెళ్తే స్వెటర్ మర్చిపోవద్దు.

రాకపోకల్లో మార్కులు తగ్గుతాయి. మెట్రోలో వస్తే రాయదుర్గం ఆఖరి స్టేషన్, అక్కడి నుంచి ఇంకో ఐదు కిలోమీటర్లు ఆటోలోనో బస్సులోనో వెళ్లాలి. మెహదీపట్నం నుంచి లింగంపల్లి వెళ్లే బస్సులు స్టేడియం ముందు రోడ్డు మీదుగానే పోతాయి. పని రోజుల్లో ఆరు నుంచి ఎనిమిది దాకా బయోడైవర్సిటీ, గచ్చిబౌలి కూడళ్లలో ఐటీ ఆఫీసుల రద్దీ ఉంటుంది. కిక్కాఫ్ 7:30కి అయితే రాయదుర్గంలో 6:15కల్లా దిగాలి. ఆట 9:25 ప్రాంతంలో అయిపోతుంది, మెట్రో ఆఖరి రైలు రాత్రి 11 గంటల ప్రాంతంలో ఉంటుంది కాబట్టి కంగారు అక్కర్లేదు. నాకౌట్ మ్యాచ్ ఎక్స్‌ట్రా టైమ్, పెనాల్టీల దాకా పోతే మాత్రం పదింబావు దాటుతుంది, అప్పుడు లెక్క మారుతుంది. విజిల్ పడగానే అందరూ ఒకేసారి క్యాబ్ వెతుకుతారు కాబట్టి గేటు ముందు నిలబడకుండా కొంచెం దూరం నడిచాక బుక్ చేసుకోవడం మంచిది. ఆకలైతే గచ్చిబౌలి డీఎల్‌ఎఫ్ ఐటీ భవనాల దగ్గరి తినుబండారాల బళ్లు రాత్రి పొద్దుపోయే దాకా ఉంటాయి.

ఈ దూరాన్ని కేవలం ట్రాఫిక్ ఇబ్బందిగా చూడలేం. హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ పుట్టి పెరిగింది పాతబస్తీలో, సికింద్రాబాద్ కంటోన్మెంట్ చుట్టూ. భారత జట్టు ఫార్వర్డ్ తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. అదే రహీం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ని నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి చేర్చాడు. బలహీనమైన కాలితో ఆడించడం, డ్రిబ్లింగ్ లేకుండా పాస్‌లతోనే ఆడే పోటీలు పెట్టడం ఆయన పద్ధతి. ఆ ఆట మాటల్లో విని పెరిగిన పెద్దవాళ్లు ఇప్పటికీ గోల్ కన్నా ముందు పాస్‌కి చప్పట్లు కొడతారు. ఒకప్పుడు ఫతే మైదాన్ అని పిలిచిన లాల్‌బహదూర్ స్టేడియానికి ఆబిడ్స్, నాంపల్లి, బషీర్‌బాగ్ నుంచి నడిచి వెళ్లొచ్చు. చార్మినార్ నుంచి గచ్చిబౌలికి పదిహేను కిలోమీటర్ల పైమాటే. రాత్రి మ్యాచ్‌కి అలాంటి పెద్దాయన ఒకరు రావాలంటే ఎవరో ఒకరు బండి మీద ఎక్కించుకుని రావాలి, మళ్లీ దింపాలి. ఆట తెలిసిన జనం ఒకవైపు, స్టేడియం ఇంకోవైపు. మ్యాచ్ నిర్వాహకులు పాతబస్తీ నుంచి, సికింద్రాబాద్ నుంచి ఆ రోజుకి రెండేసి ప్రత్యేక బస్సులు వేయించినా ఎంతో మేలు.

స్టేడియం మాత్రం మూతపడలేదు. 2024 సెప్టెంబర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఇక్కడే జరిగింది. భారత కోచ్‌గా మనోలో మార్కెజ్ మొదటి మ్యాచ్, మారిషస్‌తో 0-0, తన పాత మైదానంలోనే పడింది. నవంబర్‌లో మలేసియాతో 1-1. డిసెంబర్ 31న రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్‌లో బెంగాల్ 1-0తో కేరళని ఓడించింది. ఇలాంటి మ్యాచ్ మళ్లీ వచ్చినప్పుడు పైన చెప్పిన సీటు లెక్కే వాడుకోండి.

ఆటని దగ్గరగా చూడాలన్నదే మీ కోరికైతే అజీజ్‌నగర్‌లోని డెక్కన్ ఎరీనాకి వెళ్లండి. శ్రీనిధి డెక్కన్ క్లబ్ సొంత మైదానం అది. ఐఎస్‌ఎల్ కింది స్థాయి జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్ 2022-23, 2023-24 సీజన్లలో ఆ జట్టు వరుసగా రెండో స్థానంలో నిలిచింది. స్టాండ్‌లో దాదాపు పదిహేను వందల మందికే చోటు. ట్రాక్ లేదు కాబట్టి ఇక్కడ గచ్చిబౌలి లెక్క తిరగబడుతుంది. ముందు వరసే మంచి వరస. కోచ్ అరుపులు, ఇద్దరు బంతి మీదకి వెళ్లినప్పుడు బూట్లు తగిలిన చప్పుడు, గోల్‌కీపర్ తన డిఫెండర్లని పేరు పెట్టి పిలవడం, అన్నీ వినపడతాయి. ఆట నేర్చుకుంటున్న పిల్లలకి ఒక్క మ్యాచ్ అక్కడ చూపిస్తే ఆటగాళ్లు ఒకరితో ఒకరు ఎంత మాట్లాడుకుంటారో తెలుస్తుంది. గచ్చిబౌలి పైవరసలో అది దొరకదు. మెహదీపట్నం నుంచి చేవెళ్ల రోడ్డు బస్సులు అజీజ్‌నగర్ మీదుగా వెళ్తాయి. మ్యాచ్ అయ్యాక మాత్రం చీకటి పడేలోపే రోడ్డు మీదకి వచ్చేయండి, లేదంటే వచ్చేటప్పుడే తిరుగు ఆటో మాట్లాడి పెట్టుకోండి. మైదానం ఊరి చివర ఉంది, రాత్రి పూట క్యాబ్ దొరకడం కష్టం.