చివరిదాకా చూసుకుంటామని చివర్లో బండెక్కించినారు: కర్నూలు వాళ్లు జాగ్రత్త

మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్లను కర్నూల్లో ఏదైనా హోంలో చేర్చాలని చూస్తున్నవాళ్లు ఇది చదివి పోండి. పేరు రాస్తే పోస్టు లేపేస్తారు, అందుకే రాయడం లేదు. నాలుగు చోట్ల విచారించినవాళ్లకు ఎవరో ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆఫీసు గదికి ఏసీ, గోడ మీద "చివరి శ్వాస వరకు మీ వెంటే" అని బంగారు అక్షరాలు.

నాయనకు అల్జీమర్స్. మమ్మల్ని మర్చిపోయి చాన్నాళ్లయింది, తర్వాత నడక పోయింది, మాట పోయింది. అమ్మ వల్ల కాలేదు, మా ఇద్దరివీ ఉద్యోగాలు. నెలకు 22 వేలు, డిపాజిట్ 60 వేలు. "ఆఖరి స్టేజి వాళ్లను కూడా మేమే చూసుకుంటాం సార్" అన్నాకే చేర్చినాం. మిగతాదంతా అందరి ఇళ్లల్లో జరిగేదే, వదిలేయండి.

ఈ మధ్య మింగడం కష్టమైంది. ఈ జబ్బు ముదిరితే అంతే. ముద్ద ఊపిరితిత్తుల్లోకి జారి నిమోనియా వస్తుంది, చాలామంది పోయేది దాంతోనే. మెత్తగా చేసి, లేపి కూర్చోబెట్టి, చెంచా చెంచాగా పెడితే ముప్పావు గంట పడుతుంది. ఆ ముప్పావు గంట వాళ్లకు దండగ. "ముక్కులో గొట్టం వేయించుకొని రాండి, ల్యాకపోతే మావల్ల కాదు" అని మొదలుపెట్టినారు. తెలిసిన డాక్టరమ్మను అడిగితే వద్దంది. ఈ స్టేజిలో గొట్టం వేసినా ఆయుష్షు పెరగదు, నిమోనియా ఆగదు, పీక్కుంటారని చేతులు కట్టేస్తారు అంది. అమెరికాలో వృద్ధుల డాక్టర్ల సంఘం 2014లోనే గొట్టం వద్దు, చేత్తోనే పెట్టండి అని చెప్పిందంట. ఇదే ఓనరుకు చెప్తే, "చెప్పేది డాక్టర్లు సార్, పెట్టేది మా ఆయాలు" అని నవ్వినాడు.

ఒకరాత్రి పదకొండు దాటినాక ఫోను. "మీ నాయనకు ఆయాసం ఎక్కువైంది, బండెక్కించినాం, పెద్దాసుపత్రికి రాండి." అడగడం కాదు, చెప్పడం. నేను పోయేసరికి వరండాలో స్ట్రెచర్ మీద నాయన ఒక్కడే. హోం మనిషి ఒక్కడంటే ఒక్కడు లేడు. పక్కన డ్రైవరు, బాడుగ 1,500 కోసం. కాళ్ల కాడ క్యారీ బ్యాగు, దాంట్లో ఎవరిదో లుంగీ. డ్యూటీ డాక్టరు పక్కకు తిప్పితే నడుం కింద ఎముక కనపడేంత పుండు, పైన దూది అంటించినారు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని చేర్చేరోజు మాకు పాఠం చెప్పింది వీళ్లే!

ఓనరుకు ఫోన్ చేసినా. "మీరు అర్థం చేసుకోవాల సార్. మా కాడ పోతే పోలీసులు, సర్టిఫికెట్లు, లేనిపోని తలనొప్పి. రేపు కొత్తోళ్లు ఎవరు చేరుతారు?"

చివరి శ్వాస వరకు అంటే, దానికి ముందుదాని వరకేనంట.

పోలీసుల మాట పచ్చి అబద్ధం. జబ్బుతో మంచంలో పోతే పోలీసులకేం పని? ఆఖర్లో వైద్యం చేసిన డాక్టరు కారణం రాసి ఫారం 4ఎ ఇస్తాడు, 21 రోజుల్లోపు రిజిస్టర్ చేయిస్తే సరి. డాక్టరే అడుగుపెట్టని హోంలో ఆ ఫారం ఎవరు రాస్తారు? వీళ్ల భయం అదీ. "డాక్టర్ విజిట్" అని ప్రతి నెలా బిల్లులో వేసినారు. ఆ మహానుభావుణ్ణి ఒక్కసారి కూడా చూడలేదు. చూడకుండానే డబ్బు కట్టినా, అంత తెలివి నాది.

ఐసీయూ వద్దనుకొని ఇంటికి తెచ్చుకున్నాం. నాయన నట్టింట్లో, అమ్మ పక్కన ఉండగానే పోయినాడు.

దినాలు కాకముందే డిపాజిట్ అడిగినా. వాట్సాప్‌లో జవాబు: "నెల ముందు నోటీసు ఇవ్వకుండా ఖాళీ చేసినందున డిపాజిట్ వాపసు లేదు. మీ కుటుంబానికి మా ప్రగాఢ సానుభూతి." కింద చేతులు జోడించిన బొమ్మ ఒకటి. మాట పోయిన మనిషి నోటీసు ఇవ్వలేదంట! "ఫలానా తారీకున పోతున్నాను, మంచం ఇంకొకరికి ఇచ్చుకోండి" అని నాయన అర్జీ పెట్టుకొని ఉండాల్సింది. అర్ధరాత్రి బండెక్కించింది వాళ్లు, ఖాళీ చేసింది మేమట. మళ్లీ ఫోన్ చేస్తే నంబరు బ్లాక్.

చేర్చేముందు రాత్రిపూట ఎంతమంది ఉంటారు, అన్నం ఎవరు పెడతారు, డాక్టరు ఎవరు, ఆఖరి రోజుల్లో ఉంచుకుంటారా పంపేస్తారా, అన్నీ కాగితం మీద రాయించుకోండి. భోజనాల వేళ చెప్పకుండా పోయి చూడండి. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567, వినియోగదారులది 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మనం కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే కేసుకు ఫీజు లేదు, నేను వేస్తున్నా. వీళ్ల కాడ డిపాజిట్ పోగొట్టుకున్నోళ్లు ఉంటే రసీదు ఫోటో తీసి నాకు పంపండి.