ఆర్వో పెర్ట్ నాలుగు సింఫనీలు: ఏళ్ల తరబడి విన్నాక

2018లో ఈ డిస్కు విడుదలైన కొద్ది నెలలకే కొన్నాను. సింఫనీ అంటే ఆర్కెస్ట్రా కోసం రాసే పెద్ద కృతి. మొదట్లో నాలుగోది మాత్రమే వినేవాణ్ణి. ఇప్పుడు రెండోది వినకుండా నాలుగోదాని దగ్గరికి వెళ్లబుద్ధి కాదు.

ఎస్తోనియా స్వరకర్త ఆర్వో పెర్ట్ పేరు చెప్పగానే గుర్తొచ్చేది గంటల మోతలాంటి నెమ్మదైన సంగీతం. 1976లో ఆయనకు దొరికిన ఆ పద్ధతి పేరు తిన్‌తినాబులి. ఒక గొంతు పక్కపక్క స్వరాల మీదుగా నడుస్తుంది, తోడుగా ఉన్న రెండో గొంతు మూడు స్వరాల గూడు దాటి బయటికి రాదు. తంబూర శ్రుతి అలవాటైన చెవికి ఇది ఇట్టే పట్టుబడుతుంది. నేను విన్న నివాళి రికార్డులన్నీ ఈ ప్రశాంతతనే ఏరి పెట్టాయి. పెర్ట్ సంగీతాన్ని దశాబ్దాలుగా నడిపిస్తున్న కండక్టర్ తోను కల్యుస్తే మాత్రం పోలండ్‌లోని వ్రొత్స్వాఫ్ ఫిల్హార్మొనిక్ ఆర్కెస్ట్రా చేత నాలుగు సింఫనీలనూ పుట్టిన వరుసలోనే వాయింపించారు. ఇ.సి.ఎం. అనే రికార్డుల సంస్థ విడుదల చేసింది. అసలైన గౌరవం ఇదేనని నాకు అనిపిస్తుంది. ఆ మనిషి వదిలేసి వచ్చిన దారిని కూడా దాచలేదు.

మొదటిది 1963-64 నాటిది, గురువు హైనో ఎల్లెర్‌కు అంకితం. లెక్క ప్రకారం కట్టిన గోడలా గట్టిగా ఉంటుంది. మెచ్చుకుంటాను గానీ తరచుగా వినను.

రెండోది, 1966 నాటిది, నన్ను మార్చింది. పిల్లలు నొక్కితే కీచుమనే బొమ్మలు ఆర్కెస్ట్రా మధ్యలోంచి అరుస్తాయి. మొదటిసారి స్పీకరు పాడైందనుకుని తీగలు సరిచూశాను. ఆ రభస అంతా ముదిరి ముదిరి, చివరి భాగంలో ఉన్నట్టుండి రష్యా స్వరకర్త చైకోవ్‌స్కీ పిల్లల కోసం రాసిన చిన్న పియానో పాట ఒకటి వినిపిస్తుంది. పక్క గదిలో హోంవర్కు చేసుకుంటున్న మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి, "నాన్నా, ఇది నా పియానో పుస్తకంలో ఉంది!" అంది. ఇద్దరం నిలబడే విన్నాం. అంత గందరగోళం దాటి వచ్చింది కాబట్టే ఆ పాట అంత తీయగా ఉంది. పెర్ట్ ప్రశాంతత ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఆ సాయంత్రమే తెలిసింది.

మూడోది 1971లో కండక్టర్ నీమే యార్వికి అంకితమిచ్చారు. అప్పటికి పెర్ట్ పాతకాలపు చర్చి గానంలో మునిగి ఉన్నారు. మూడు భాగాలూ ఆగకుండా ఒకదాంట్లోంచి ఒకటి సాగిపోవాలి. నేను ముందు వాడిన ఒక ఫోను యాప్ ట్రాకుకూ ట్రాకుకూ మధ్య అరక్షణం ఖాళీ వదిలేది. ఊపిరి తెగినట్టుండేది. అందుకే డిస్కుకే కట్టుబడ్డాను.

తర్వాత 37 ఏళ్లు సింఫనీ లేదు. 2008లో రాసిన నాలుగోదాన్ని, 2009 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో కండక్టర్ ఎస-పెక్క సలోనెన్ తొలిసారి వినిపించారు. దాన్ని అప్పుడు రష్యా జైల్లో ఉన్న చమురు వ్యాపారి మిఖాయిల్ ఖొదొర్కోవ్‌స్కీకి అంకితమిచ్చారు. కావలి దేవదూతను వేడుకునే ప్రార్థన దీనికి ఆధారం, కానీ ఎవరూ పాడరు. ఆ మాటల నడకను తీగవాద్యాలు నడుస్తాయి. హార్ప్ ఒక్క స్వరం మీటి ఆగుతుంది, ఆ మోత పూర్తిగా ఆరేదాకా వయొలిన్లు ఎదురుచూస్తాయి. వ్రొత్స్వాఫ్ వాద్యకారులు ఆ ఎదురుచూపులో ఎక్కడా తొందరపడలేదు. నిద్ర పట్టని రాత్రుల్లో నేను వినేది ఇదే.

ఒక్క ఇబ్బంది ఉంది. మెల్లని చోట్ల శబ్దం మరీ తక్కువ. బస్సులో, ఫ్యాను కింద సగం సంగీతం పోతుంది. వాల్యూమ్ పెంచితే రెండోది గుండె అదిరేలా మీద పడుతుంది. రాత్రి పది దాటాక, చెవులు మూసే హెడ్‌ఫోన్లతో వినండి. మొత్తం దాదాపు 80 నిమిషాలు. కనీసం మొదటిసారైనా వరుస మార్చకండి.