అశ్వగంధ: నిద్ర పట్టించింది, థైరాయిడ్ దగ్గరే పేచీ

అశ్వగంధ గొప్పతనం మళ్లీ నేను చెప్పక్కర్లేదు, యూట్యూబ్ తెరిస్తే అదే గోల. నా కోపమంతా ఆ సీసా మీద రాయని ఒక్క ముక్క గురించి.

యాంగ్జైటీ నాకు పాత చుట్టమే. కౌన్సెలింగ్‌కి తోడుగా రాత్రిళ్లు అశ్వగంధ వేరు సారం క్యాప్సూల్ మొదలుపెట్టాను. కొన్ని వారాలకి నిద్ర కుదిరింది. తెల్లవారుజామున మెలకువొచ్చి, ఆఫీసులో ఎవరేమన్నారో తిరగేసుకునే పని తప్పింది. హైదరాబాద్ డాక్టర్లు 2012లో 64 మంది మీద చేసిన ట్రయల్ ప్రచురించారు. 300 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు చొప్పున 60 రోజులు ఇస్తే ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ దాదాపు 28 శాతం తగ్గిందట. కనిపించినవాళ్లందరికీ ఈ లెక్క చెప్పేదాన్ని. వాళ్లు ఒత్తిడితో ఉన్నవాళ్లే గానీ, యాంగ్జైటీ జబ్బుకు మందు వాడుతున్న రోగులు కారన్నది తర్వాత గమనించాను.

చలికాలంలో మొదలైంది అసలు కథ. కూర్చున్నచోటే గుండె దడ. టీ కప్పు పట్టుకుంటే సాసర్ మీద టకటకమని చప్పుడు. పొయ్యి దగ్గరికెళ్తే చెమటలు, వేలికి ఉంగరం వదులు. "మళ్లీ మొదలెట్టావా? ఇంకో క్యాప్సూల్ వేసుకో" అన్నారు మా ఆయన. కానీ ఇది నాకు తెలిసిన యాంగ్జైటీలా లేదు. అప్పుడైతే ముందు ఆలోచన, తర్వాత దడ. ఇప్పుడు భయపడటానికి ఏమీ లేకుండానే గుండె ఉరుకుతోంది.

థైరాయిడ్ హార్మోన్ మాత్ర థైరాక్సిన్ ఏళ్లుగా వాడుతున్నాను కాబట్టి రక్తపరీక్ష చేయించారు. టీఎస్‌హెచ్ అట్టడుక్కి పడిపోయింది, అంటే ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైందని గుర్తు. "కొత్తగా ఏం వాడుతున్నారు?" అని డాక్టరమ్మ అడిగి, సీసా తెప్పించుకుని చుట్టూ తిప్పి చదివారు. గర్భిణులు వాడరాదని ఉంది, 'సహజం' అని పెద్దక్షరాల్లో ఉంది, థైరాయిడ్ ఊసే లేదు. థైరాయిడ్ స్వల్పంగా మందగించిన 50 మందికి రోజుకు 600 మిల్లీగ్రాముల అశ్వగంధ ఎనిమిది వారాలు ఇస్తే థైరాయిడ్ హార్మోన్లైన టీ3, టీ4 పెరిగి టీఎస్‌హెచ్ తగ్గినట్టు 2018లోనే ప్రచురించారు. బయటి నుంచి హార్మోన్ మింగేవాళ్లకి అది పైన ఇంకో మోతాదు వేసుకున్నట్టే కావచ్చు. హార్మోన్ ఎక్కువైతే అడ్రినలిన్‌కి గుండె మరీ తొందరగా స్పందిస్తుంది, అచ్చం యాంగ్జైటీలాగే ఉంటుంది. డెన్మార్క్ 2023లో అశ్వగంధని నిషేధించడానికి చెప్పిన కారణాల్లో థైరాయిడ్ కూడా ఉంది.

థైరాక్సిన్ మోతాదు మార్చకుండా క్యాప్సూల్ ఒక్కటే ఆపించారు. తర్వాతి పరీక్షలో అంకెలు దారికొచ్చాయి, దడా తగ్గింది. దానివల్లేనని ఒట్టేసి చెప్పలేనన్నారు డాక్టరమ్మ, బహుశా కావచ్చన్నారంతే.

నిద్ర మాత్రం పెద్దగా చెడలేదు. సాయంత్రం కాఫీ మానేసిందీ ఆ రోజుల్లోనే కాబట్టి, మెప్పులో సగం దానికివ్వాలేమో. థైరాయిడ్ గొడవ లేని మా చెల్లెలు ఇప్పటికీ వాడుతోంది, బాగుందంటోంది. అరుదుగా లివర్‌కీ దెబ్బ తగలొచ్చు, అప్పుడప్పుడూ లివర్ పరీక్ష చేయించుకోవే అంటే వినదు. నాలా థైరాక్సిన్ వేసుకునేవాళ్లయితే కొనేముందు మీ డాక్టర్ని అడగండి, సీసాని నమ్ముకోకండి.