మైకంటే భయపడేవాళ్ళకి టోస్ట్‌మాస్టర్స్ పనికొస్తుందా? వైజాగ్‌లో చేరాక నా రివ్యూ

నేను పెళ్ళికెళ్ళినా ఐస్‌క్రీమ్ కౌంటర్ పక్కన మూల చూసుకుని నిలబడే టైపు, కానీ ఆఫీసులో ప్రెజెంటేషన్లు మీద పడేసరికి ఇక తప్పలేదు. ముందు ద్వారకానగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరా, పేరొద్దులెండి, మొదటి క్లాసులోనే అందర్నీ లేపి ‘ఐ యామ్ ద బెస్ట్’ అని అరిపించారు, అరుపులొస్తే మాటలొస్తాయా బాబూ. ఫీజు మాత్రం మొత్తం ముందే లాగేశారు.

తర్వాత ఫ్రెండ్ చెప్తే సిరిపురం వైపు ఒక టోస్ట్‌మాస్టర్స్ క్లబ్‌కి (జనం ముందు మాట్లాడ్డం ప్రాక్టీస్ చేసుకునే క్లబ్బులివి) గెస్ట్‌గా వెళ్ళా, గెస్టులకి ఫీజు లేదు, మాట్లాడమని బలవంతమూ లేదు. ఇది కొత్తదేం కాదు, 1924లో అమెరికాలో శాంటా అనా అనే ఊళ్ళో రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన మొదలుపెట్టాడు. ఇక్కడ మాస్టారు ఎవరూ ఉండరు, మెంబర్లే మీటింగ్ నడుపుకుంటారు, మనలాంటివాళ్ళకి కలిసొచ్చేది కూడా అదే, ఎందుకంటే ప్రతివాడికీ ఒక పనుంటుంది, పనుంటే ఎవరితో ఏం మాట్లాడాలా అన్న తంటా ఉండదు. నేను టైమర్‌గా మొదలుపెట్టా. ఎవరు ఎంతసేపు మాట్లాడారో రాసుకుని చివర్లో లేచి చదివెయ్యడమే, అంటే చేతిలో కాగితం పెట్టుకునే జనం ముందు నిలబడ్డం అలవాటైపోతుంది. ఇంకొకళ్ళు స్పీచుల మధ్యలో దొర్లే ‘ఆ’లు ‘ఊ’లు లెక్కపెడతారు, నాకు ఆ పని ఇంకా ఇష్టం, వినడం మనకి పుట్టుకతో వచ్చిందే కదా.

మొదటి స్పీచ్ మన గురించే, 4 నుంచి 6 నిమిషాలు. 4కి గ్రీన్, 5కి యెల్లో, 6కి రెడ్ చూపిస్తారు. ఎప్పుడు ఆపాలో ముందే తెలుసు కాబట్టి సగం వణుకు అక్కడే పోతుంది. తర్వాత ఒకరు రెండు మూడు నిమిషాలు మన స్పీచ్ మీద మాట్లాడతారు, ‘సూపర్’ అని వదిలెయ్యకుండా ఫలానా చోట కిందకి చూశావు, ఫలానా కథ బావుంది అని చెప్తే చాలా ఉపయోగం.

అసలు గండం టేబుల్ టాపిక్స్. అవధానంలో పృచ్ఛకుడు అడిగినట్టు అప్పటికప్పుడు ఒక ప్రశ్న ఇస్తారు, ఒకటి రెండు నిమిషాల్లో చెప్పాలి. నాకు ఇప్పటికీ పడదు.

నచ్చనివి కూడా ఉన్నాయి, ప్రతిదానికీ చప్పట్లు, లేచినప్పుడల్లా షేక్‌హ్యాండ్లు, గుంపంటే పడనివాళ్ళకి మీటింగయ్యేసరికి బ్యాటరీ అయిపోతుంది. అంతా ఇంగ్లీషే, తెలుగులో ప్రాక్టీస్ కావాలంటే ఇక్కడ దొరకలేదు. ఫీజు డాలర్ల లెక్క, ఆరు నెలలకి 60, కొత్తవాళ్ళకి ఇంకో 20, క్లబ్ ఖర్చులు వేరేగా అడగొచ్చు. రెన్యువల్ ఏప్రిల్, అక్టోబర్‌లలో, మధ్యలో చేరితే మిగిలిన నెలలకే కడితే చాలు.

5కి 4 ఇస్తా. సైట్‌లో ‘ఫైండ్ ఎ క్లబ్’ ఉంది, రెండు మూడు క్లబ్బులు గెస్ట్‌గా చూసి, తక్కువ మంది ఉన్నదాంట్లో చేరండి, టర్న్ త్వరగా వస్తుంది.