టీఎస్‌హెచ్ 7.2 వచ్చినా కంగారుపెట్టని క్లినిక్

మా బాబుకి నాలుగేళ్లు, డౌన్ సిండ్రోమ్ ఉంది. ఇలాంటి పిల్లలకి పుట్టినప్పుడు, 6 నెలలకి, 12 నెలలకి, ఆ తర్వాత ఏటా థైరాయిడ్ చూడాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022 మార్గదర్శకాల్లో ఉంది. రక్తం తీసేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. వచ్చిన అంకెని బిడ్డని చూసి చదివేవాళ్లు దొరకడమే కష్టం. ఈ పిల్లల ఎండోక్రైన్ (హార్మోన్ల) క్లినిక్‌లో అలాంటివాళ్లు ఉన్నారు కాబట్టే ఇంత రాస్తున్నాను.

ముందు రక్తం తీసే గది సంగతి. మావాడివి బొద్దు చేతులు, నరం ఓ పట్టాన దొరకదు. నర్సు తిమ్మిరి క్రీమ్ రాసి, అది పనిచేసేదాకా ఆడుకోనిచ్చింది. "గుచ్చి గుచ్చి వెతకనమ్మా, దొరక్కపోతే ఇంకొకరిని పిలుస్తా" అని ముందే చెప్పి, నా ఒళ్లోనే కూర్చోబెట్టి తీసింది. వాడు గింజుకుంటుంటే తల వెనక్కి విరగకుండా చెయ్యి అడ్డం పెట్టింది. ఈ పిల్లల్లో కొందరికి మెడ పైభాగంలో మొదటి రెండు ఎముకల మధ్య పట్టు వదులుగా ఉంటుంది, అందుకే ఆ జాగ్రత్త. డాక్టరుగారు కూడా గొంతు చూసేటప్పుడు మెడ వంచలేదు. నీళ్లు తాగించి, మింగుతుంటే వేళ్లతో మెల్లగా తడిమి చూశారు. ఈ పిల్లల గురించి తెలిసినవాళ్లని నాకు అక్కడే అర్థమైంది.

టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయమని చెప్పే హార్మోన్, థైరాయిడ్ మందగిస్తే ఇది పెరుగుతుంది) 7.2 వచ్చింది. ఫ్రీ టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోన్) నార్మల్. ఇంకెక్కడైనా అయితే ఆ రోజే మాత్ర రాసిచ్చేవారేమో. డాక్టర్ మేడమ్ మాత్రం కాగితం పక్కన పెట్టి మమ్మల్ని ప్రశ్నలు అడిగారు. మలబద్ధకం ఎప్పటి నుంచి, చర్మం పొడిబారడం కొత్తగా వచ్చిందా, నిద్ర పెరిగిందా అని. ఇవన్నీ థైరాయిడ్ తగ్గినా కనిపిస్తాయి, డౌన్ సిండ్రోమ్ వల్లా కనిపిస్తాయి. కంటితో చూసి తేల్చలేం కాబట్టే ఏటా రక్తపరీక్ష. తర్వాత డౌన్ సిండ్రోమ్ పిల్లల కోసమే తయారైన గ్రోత్ చార్టులో వాడి ఎత్తు గుర్తుపెట్టి, పాత చుక్కలతో కలిపి చూపించారు. గీత కిందికి జారలేదు.

ఫ్రీ టీ4 బాగుండి టీఎస్‌హెచ్ మాత్రమే కాస్త పెరగడం ఈ పిల్లల్లో మామూలేనట, చాలామందిలో దానంతటదే దిగుతుందట. 10 దాటినా, ఫ్రీ టీ4 తగ్గినా మందు గురించి ఆలోచించాలన్నారు. అందుకని థైరాయిడ్ యాంటీబాడీలు (శరీరమే థైరాయిడ్ మీద దాడి చేస్తోందని చూపించేవి) కూడా చూసి, కొన్ని నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు, అదీ పొద్దున అదే వేళకి. టీఎస్‌హెచ్ రోజులో ఒక్కోవేళ ఒక్కోలా ఉంటుంది కాబట్టి అప్పుడే పోల్చడానికి వీలవుతుందట. వాడికిచ్చే విటమిన్ చుక్కల సీసా తెప్పించి చూసి, అందులో బయోటిన్ (ఒక రకం బి విటమిన్) ఉందని పరీక్షకి రెండు రోజుల ముందు ఆపమన్నారు. కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో అది అంకెల్ని తారుమారు చేస్తుంది. ఇంతకుముందు ఏ ల్యాబ్‌లోనూ నన్ను ఆ మాట అడగలేదు.

లోటు కూడా చెప్పాలి. రిపోర్టులో పెద్దవాళ్ల నార్మల్ రేంజే అచ్చవుతోంది. పిల్లల క్లినిక్‌లో ఇది సరికాదు. మేడమ్ వాడి వయసు రేంజ్ పక్కన పెన్నుతో రాసిచ్చారు (దాని ప్రకారం చూసినా 7.2 ఎక్కువే). పైగా రిపోర్టు సాయంత్రమే ఫోన్‌కి వచ్చేస్తుంది, డాక్టరుగారితో మాట్లాడేది మాత్రం తర్వాతి అపాయింట్‌మెంట్‌లో. ఎర్ర అక్షరాల్లో 'హై' అని చూసి ఆ మధ్యలో తల్లిదండ్రులు పడే టెన్షన్ వాళ్లకి పట్టినట్టు లేదు. రిపోర్టుతో పాటు రెండు ముక్కలు రాసి పంపినా చాలు.

వెయిటింగ్ హాల్లో థైరాయిడ్ మాత్ర మొదలైన పాప వాళ్లమ్మకి నర్సు ఓపిగ్గా నేర్పడం చూశాను. మాత్ర పొడిచేసి చెంచాడు నీళ్లలో కలిపి అప్పటికప్పుడే పట్టాలని, సీసా పాలలో కలపొద్దని, ఐరన్, కాల్షియం మందులకి నాలుగు గంటల ఎడం ఉండాలని. కాగితం మీద రాసి కూడా ఇచ్చింది.

మళ్లీ చేసినప్పుడు మావాడిది 5.1కి దిగింది, యాంటీబాడీలు లేవు. మాత్ర రాయలేదు. ఎత్తు పెరగడం ఆగినా, మలబద్ధకం ముదిరినా ఏడాది దాకా చూడకుండా తీసుకురమ్మన్నారు. వెళ్లేవాళ్లు పొద్దున మొదటి స్లాట్ అడగండి, పదింటి తర్వాత హాలు నిండిపోతుంది. పాత రిపోర్టులన్నీ తీసుకెళ్లండి, మేడమ్ ఒక్కటీ వదలకుండా చూస్తారు.