హంటరా, రోనినా? బరంపురం–ఛత్రపురం దారికి ఏది మేలు

మా చెల్లెలి కొడుక్కి ఒడిశాలోని ఛత్రపురంలో ఉద్యోగమైంది. మా బరంపురం నుంచి ఇరవై కిలోమీటర్ల పైన ఉంటుంది, పోనూ రానూ రోజుకి నలభై అయిదు వేసుకోవచ్చు. నెల్లాళ్లు బస్సులో వేళ్లాడి విసిగిపోయాడు. "మావయ్యా, బండి కొనేస్తాను. గుండ్రటి లైటు, పాతకాలం నాటి ట్యాంకు ఉండాలి. లక్షా అరవై వేలు దాటకూడదు. ఏది కొనమంటావ్?" అని అడిగాడు.

ఆ దారిలో నేను పదకొండేళ్లు తిరిగాను. అందుకే బండ్ల సంగతి ఎత్తేముందు దారి సంగతి చెప్పాలి. మా ఇళ్లు బడాబజారు వెనక సందుల్లో, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసినట్టుండే వరస ఇళ్లు. బయట బండి పెట్టే జాగా లేదు. రాత్రి మెట్ల మీద చెక్క పలక వేసి, బండిని దాని మీంచి తోసి వరండాలోకి ఎక్కించాలి. పొద్దున్న మళ్లీ దింపాలి. సందు దాటితే గిరి రోడ్డు రద్దీ. రెండేళ్లకోసారి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, వచ్చిందంటే, నెల్లాళ్లపాటు ఆ వీధుల్లో బండి నడపడం కంటే తోసుకెళ్లడమే ఎక్కువ. ఊరు దాటాక జాతీయ రహదారి 16, నాలుగు వరసల రోడ్డు, పక్కనే కోల్‌కతా లారీలు. ఛత్రపురం దగ్గర పడేసరికి సముద్రపు గాలి. ఇది రోజూ ఉండే ప్రయాణం. ఇది కాక నెలకో రెండు నెలలకో వాళ్లమ్మని వెనక కూర్చోబెట్టుకుని టెక్కలిలో మేనత్తగారింటికి వెళ్లాలి. ఇచ్ఛాపురం, పలాస మీదుగా ఒక్క వైపే వంద దాటుతుంది. ఆదివారాలు స్నేహితులతో తప్తపాణి ఘాటీ, అంటే కొండదారి, ఎక్కాలని వాడి సరదా.

ఇన్ని పనులు ఒక్క బండితో అవ్వాలి. వాడు కాగితం మీద ఆరు పేర్లు రాసుకొచ్చాడు. నాలుగు తొందరగానే తీసేశాం.

యమహా ఎఫ్‌జెడ్-ఎక్స్ 149 సీసీ, 139 కిలోలు. సందుల్లో సుఖం, పెట్రోలూ కలిసొస్తుంది. కానీ పన్నెండున్నర గుర్రాల బలంతో, వెనక మనిషితో, ఎదురుగాలిలో లారీని దాటాలంటే చాలా దూరం ఆలోచించి దాటాలి. కవాసకీ డబ్ల్యూ175 చూపుకి ముచ్చటైనదే, దాని సంగతీ అంతే. హోండా హైనెస్ సీబీ350 మాత్రం తీసెయ్యడానికి మనసొప్పలేదు. ఇంజను నిమిషానికి 3,000 తిరుగుళ్లకే 30 న్యూటన్ మీటర్ల లాగుడు, 15 లీటర్ల ట్యాంకు, వణుకు లేని ఇంజను. ఘాటీలకి, పెద్ద ప్రయాణాలకి నాకైతే ఆ ఇంజనే ఇష్టం. అయితే ధర వాడి సంచీ దాటిపోయింది. పైగా అది ప్రతి హోండా దుకాణంలోనూ దొరకదు, బిగ్‌వింగ్ షోరూముల్లోనే అమ్ముతారు.

రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 దగ్గర వాడు చాలాసేపు ఆగాడు. ఎవరాగరు? పాతకాలం రూపం అంటే అదే. కానీ 195 కిలోలు. పైగా మెరిసే క్రోమియం, ఎక్కువ రకాల్లో స్పోకు చక్రాలు, వాటిలో ట్యూబులు. ఇక్కడ నా పాత బండి సంగతి చెప్పి తీరాలి. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే తప్పు దానిది కాదు, గాలిది. కొన్న రెండో వానాకాలానికే వెనక మడ్‌గార్డు అంచున ఆవగింజంత బొబ్బలు లేచాయి. గోటితో గీకితే పైన వెండి పొర రేకులా ఊడొచ్చి, కింద ఎర్రటి పొడి. స్పోకులు రిమ్ములోకి దిగే చోట, ఆ చిన్న నట్టుల చుట్టూ తుప్పు ఉంగరాలు కట్టేసింది. ప్రతి ఆదివారం మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, కొబ్బరినూనె గుడ్డతో ఒక్కో స్పోకూ తుడిచేవాణ్ణి. అయినా గెలవలేదు. ఛత్రపురం, గోపాల్‌పూర్ వైపు రోజూ బండి నిలబెట్టేవాళ్లు ఎవరినడిగినా ఇదే చెబుతారు. మన తీరంలో క్రోమియం ఎంత తక్కువుంటే బండి అంత కాలం కొత్తగా ఉంటుంది.

స్పోకు చక్రంలో ట్యూబు ఉంటే ఇంకో బాధ. ఓ రాత్రి తొమ్మిది దాటాక హైవే మీద వెనక చక్రంలో మేకు దిగింది. ట్యూబు కదా, గాలి ఒక్కసారిగా పోయింది. పంచరు కొట్టు దొరికే దాకా రెండు కిలోమీటర్ల పైన తోశాను. లారీ వెళ్లిన ప్రతిసారీ బండీ నేనూ ఊగిపోయాం. ట్యూబులెస్ అయితే మేకుతోనే మెల్లగా నాలుగైదు కిలోమీటర్లు పోవచ్చు. లేదంటే సీటు కింద పెట్టుకున్న కిట్టుతో చక్రం ఊడదియ్యకుండానే అక్కడికక్కడ పంచరు పూడ్చుకోవచ్చు. అందుకని అలాయ్ చక్రం, ట్యూబులెస్ టైరు ఉంటేనే చూడమన్నాను. వాడి కాగితంలో ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 2022లో వచ్చినప్పుడు అందులో అన్నిటికంటే చవక రకం స్పోకులతోనే వచ్చింది. ఆ రకం జోలికి పోవద్దన్నాను.

అలా చివరికి రెండు మిగిలాయి. రెండూ 2022లో నెల తేడాతో వచ్చినవే: జులైలో టీవీఎస్ రోనిన్, ఆగస్టులో రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350. రెండింటికీ 17 అంగుళాల చక్రాలు, అయిదు గేర్లు. సీటు ఎత్తు ఒకటి 790, ఇంకోటి 795 మిల్లీమీటర్లు. మావాడు అయిదడుగుల అయిదంగుళాలు, రెండింటి మీదా పాదాలు పూర్తిగా ఆనాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బండ్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కాబట్టి రెండూ వాడికి అందుబాటులోకొచ్చాయి. ఒకే స్థాయి రకాలు చూసుకుంటే రోనిన్ కొంచెం చవక.

అసలు తేడా ఇంజనులో ఉంది, అది అర్థమైతే సగం పని అయినట్టే. హంటర్ 349 సీసీ, 20.2 గుర్రాల బలం. రోనిన్ 225 సీసీ, బలం దాదాపు అంతే. అయితే హంటర్ తన పూర్తి బలాన్ని 6,100 తిరుగుళ్ల దగ్గర ఇస్తుంది, రోనిన్ 7,750 దాకా వెళ్తేనే ఇస్తుంది. హంటర్ సిలిండరు వెడల్పు 72 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 85.8. రోనిన్‌కి రెండూ 66. పిస్టన్ దూరం ఎక్కువున్న ఇంజను నిదానంగా తిరుగుతూనే గట్టిగా లాగుతుంది, మన చేతిపంపుకి పొడుగు పిడి ఉన్నట్టు. పైగా ఇంజనే పెద్దది. అందుకే హంటర్‌కి 27 న్యూటన్ మీటర్లు, రోనిన్‌కి ఇరవైకి కాస్త తక్కువ.

ఘాటీ ఎక్కితే ఇది కాలికి తెలుస్తుంది. స్నేహితుడి హంటర్ మీద తప్తపాణి వెళ్లాం. మలుపు తిరిగి పైకి లేచే చోట మూడో గేరులోనే ఉంచి పిడి తిప్పితే, దుక్కిటెద్దులా భుజం వంచి ఎక్కేసింది. అదే మలుపులో రోనిన్‌ని రెండో గేరుకి దించాల్సొచ్చింది. దించాక అదీ ఇబ్బంది పడకుండానే ఎక్కింది, కాకపోతే ఎడంకాలికి పని ఎక్కువ. ఆ చప్పుడు కూడా హంటర్‌దే హంటర్‌ది. ఒకే ఇంజను కొద్ది మార్పులతో క్లాసిక్‌లోనూ బుల్లెట్‌లోనూ ఉండటంతో ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం దాకా ఏ ఊళ్లో ఆగినా చెయ్యి తిరిగిన మెకానిక్కు దొరుకుతాడు. ఇది చిన్న మాట కాదు. ఘాటీలే రోజూ దారి అయ్యే కొరాపుట్ వాళ్లకో పర్లాకిమిడి వాళ్లకో అయితే నేను కళ్లు మూసుకుని హంటరే కొనమంటాను. 2025లో వెనక స్ప్రింగులు మార్చి, క్లచ్ తేలిక చేసి, నేలకీ బండికీ మధ్య ఎత్తు పది మిల్లీమీటర్లు పెంచారు. కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్లు ఆ మార్పుల తర్వాతదైతేనే తీసుకోవడం మంచిది.

మరి మావాడికి? వాడి నెలలో ఘాటీ ఒక్క ఆదివారం. పలక మీంచి బండి ఎక్కించడం ముప్పై రోజులు.

హంటర్ 181 కిలోలు, రోనిన్ 160 చుట్టూ. ఇరవై పైచిలుకు కిలోలంటే పాతిక కిలోల బియ్యం బస్తాకి కాస్త తక్కువ. హైవే మీద ఆ బస్తా ఉందని కూడా తెలియదు. ఇంకా చెప్పాలంటే లారీ గాలి కొట్టినప్పుడు ఆ బరువే నిలబెడుతుంది. సందులో బండి వెనక్కి తిప్పేటప్పుడు, తడిసిన పలక మీద చెప్పు జారేటప్పుడు ఆ బస్తా మొత్తం నీ మణికట్టు మీదే ఉంటుంది. షోరూములో బండి చూసేవాళ్లు ఎక్కి కూర్చుంటారు, నడిపి చూస్తారు. స్టాండు తీసి, ఇంజను ఆపి, పది అడుగులు వెనక్కి తొయ్యరు. దయచేసి తోసి చూడండి. నిజంగా మీది ఎలాంటి బండో అప్పుడు తెలుస్తుంది.

హైవే మీద మావాడు డెబ్భై, ఎనభై మధ్యే వెళ్తాడు. ఆ వేగంలో రెండూ సుఖమే. తొంభై దాటాక రోనిన్ ఇంజను గొంతు పెరుగుతుంది, హంటర్ ఇంకా తాపీగానే ఉంటుంది. కానీ ముందు గాలి ఆపే అద్దం లేని బండి మీద తొంభై దాటితే రెండింటిమీదా గుండెకి గాలి కొట్టి అరగంటలో మెడ పట్టేస్తుంది. అందుకని ఆ తేడాకి నేను ఎక్కువ మార్కులు వెయ్యలేదు. రోనిన్‌కి ముందు తలకిందుల ఫోర్కు (లావు గొట్టం పైన, సన్నది కింద), వెనక ఒకే స్ప్రింగు. పాత వీధుల గోతుల మీద అది మెత్తగా పోయింది.

పెట్రోలు లెక్క కూడా వేశాం. నెలకి పాతిక రోజులు తిరిగితే 1,125 కిలోమీటర్లు. లీటరుకి హంటర్ ముప్పై అయిదు, రోనిన్ నలభై ఇస్తాయనుకుంటే 32 లీటర్లకీ 28 లీటర్లకీ తేడా నాలుగు లీటర్లు, నాలుగొందల రూపాయల చిల్లర. చైను మాత్రం ఏది కొన్నా అశ్రద్ధ చెయ్యొద్దన్నాను. ఉప్పుగాలి, ఇసుక ఉన్న దారి కాబట్టి అయిదొందల కిలోమీటర్లకోసారి తుడిచి నూనె వెయ్యాలి, అంటే నెలకి రెండుసార్లు. అలాగే బ్రేకు గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ రెండు చక్రాలకీ ఉన్న రకమే తీసుకోమన్నాను. రెండు బండ్లలోనూ కింది రకాలు ముందు చక్రానికి మాత్రమే ఏబీఎస్‌తో వచ్చినవే. వానలో, వెనక అమ్మ కూర్చున్నప్పుడు, ఆ మిగిలే పది పదిహేను వేలు ఎందుకూ కొరగావు.

సరిహద్దులో ఉండేవాళ్లకి ఇంకో సందేహం వస్తుంది: ఇచ్ఛాపురం అవతల ఆంధ్రాలో తక్కువకి దొరికితే అక్కడే కొనొచ్చు కదా అని. కొనొచ్చు. కానీ నివాసం బరంపురంలో ఉన్నప్పుడు తాత్కాలిక నంబరు మీద తెచ్చుకుని ఇక్కడే ఓడీ 07 నంబరు వేయించుకోవాలి. ఆంధ్రాలో చుట్టాల అడ్రసు మీద నంబరు వేయించుకుని ఇక్కడ తిప్పితే, పన్నెండు నెలలు దాటాక చట్టం ప్రకారం మళ్లీ ఇక్కడ నంబరు మార్చుకోవాలి, పన్ను మళ్లీ కట్టుకోవాలి. మిగిలింది అందులోనే పోతుంది. ఊళ్లో కొన్న చోటే సర్వీసు అడగడం కూడా సులువు.

ఇంత లెక్క వేశాక కూడా వాడి మనసు హంటర్ చప్పుడు మీదే ఉంది. నేను బలవంతం చెయ్యలేదు. "మీ అమ్మని తీసుకురా, టెక్కలి దాకా వెనక కూర్చునేది ఆవిడే కదా" అన్నాను. మా చెల్లి చీరలో పక్కకి తిరిగి కూర్చుంటుంది, మోకాళ్ల నొప్పులున్నాయి. షోరూములో రెండింటి మీదా కూర్చోబెట్టాం. రోనిన్ మీద గోపాల్‌పూర్ రోడ్డులో కొంత దూరం పోయి తిరిగొచ్చి, దిగకుండానే సీటు మీద అరచెయ్యి పెట్టి కొలిచింది. "ఇదైతే కూకోడానికి జాగా ఉందిరా. కాలు పెట్టుకునే కమ్మీ ఇంకాస్త పెద్దది ఏయించు" అంది. మావాడు ఇంకేం మాట్లాడలేదు. రెండు ఏబీఎస్‌ల రోనిన్‌కి డబ్బు కట్టేశాడు. చీర చుట్టుకోకుండా గార్డు, వెడల్పాటి కాలిపట్టీ వేయించాడు.

బండి ఇంటికొచ్చిన రాత్రి వాన పడింది. పలక తడిసి నల్లగా మెరుస్తోంది. వాడు ఇంజను ఆపి, ముందు చక్రాన్ని పలక మీదికి సూటిగా పెట్టి తోశాడు. నేను వెనక కమ్మీ పట్టుకుందామని చెయ్యి చాచాను. నా చెయ్యి అందేలోపే బండి వరండాలో ఉంది.