కారో-కాన్ మీద 4.హెచ్4: నాలుగేళ్లు ఆడాక

చదరంగంలో తెల్లపావులతో ఇ4 వేసి (అంటే ఇ4 గడికి బంటుని తోసి) దాడికి సిద్ధమై కూర్చుంటాను. అవతలివాడు సి6 వేస్తాడు, నేను డి4 వేస్తే డి5 వేసి తలుపుకి గడియ పెట్టుకుంటాడు. కారో-కాన్‌తో నా గొడవ ఇదే. 1886లో హొరేషియో కారో, మార్కస్ కాన్ విశ్లేషించిన ఈ డిఫెన్స్‌ని పగలగొట్టే మంత్రం ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. నాకు కావలసింది మంత్రం కాదు, వాడిని కాస్త ఇబ్బంది పెట్టే లైన్, అంటే ఎత్తుల వరస.

మొదట ఒక ఏడాది ఫాంటసీ వేరియేషన్ ఆడాను, అంటే 3.ఎఫ్3 (మూడో ఎత్తులో ఎఫ్3కి బంటు). సరదాగానే ఉంటుంది. కానీ నల్లపావులవాడు ఇ4లో బంటు తిని, నేను ఎఫ్ బంటుతో తిరిగి తిన్నాక, ఇ5 వేస్తాడు. ఓసారి ఆ బంటు ఊరికే వచ్చిందనుకుని డి4 బంటుతో తినేశాను. వెంటనే క్వీన్ హెచ్4కి వచ్చి చెక్. జి3 వేసి అడ్డుకున్నాను. క్వీన్ ఇ4 బంటు తింటూ మళ్లీ చెక్ ఇచ్చింది, అటుపక్క హెచ్1లో రూక్ పోయింది. ఐదో ఎత్తుకే ఆట ముగిసినట్టే. అక్కడ గుర్రాన్ని ఎఫ్3కి తేవాలని ఆ తర్వాత నేర్చుకున్నాను. అయినా విసుగు తెప్పించింది ఆ ఓటమి కాదు. తెలివైనవాళ్లు మూడో ఎత్తులో ఊరికే ఇ6 వేస్తారు. అప్పుడు నా ఎఫ్3 బంటు నా గుర్రం చోటునే ఆక్రమించుకుని కూర్చుంటుంది.

అలా అడ్వాన్స్ వేరియేషన్‌కి వచ్చాను: 3.ఇ5 బిషప్ ఎఫ్5, 4.హెచ్4. 1961 ప్రపంచ చాంపియన్‌షిప్ రీమ్యాచ్‌లో మిఖాయిల్ టాల్ బోట్విన్నిక్ మీద ఆడిన ఎత్తు ఇది. ఆ మ్యాచ్‌ని బోట్విన్నిక్ 13-8 తేడాతో గెలిచాడన్నది వేరే సంగతి!

దీంట్లో నాకు నచ్చింది, నాలుగో ఎత్తులోనే ప్రశ్న పడటం. కారో-కాన్‌వాళ్లకి అలవాటైన ఎత్తు ఇ6. ఆలోచించకుండా అదే వేస్తే 5.జి4. బిషప్ ఇ4కి వెళ్తే ఎఫ్3, జి6కి వస్తే హెచ్5. బిషప్‌కి దారి లేదు, మహా అయితే పోతూ పోతూ సి2లో ఒక బంటు తింటుంది. బ్లిట్జ్‌లో, అంటే కొద్ది నిమిషాల్లో ముగిసే ఆటల్లో, ఇది ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టలేదు.

హెచ్6 వేసినా జి4 తోస్తాను. బిషప్ హెచ్7కి వెళ్తే 6.ఇ6 అని బంటు బలి ఇస్తాను. ఎఫ్ బంటుతో తినగానే నా బిషప్ డి3కి వస్తుంది, తెల్లగడుల బిషప్‌లు మారిపోతాయి, నా క్వీన్ డి3లో నిలబడి జి6 వైపు చూస్తుంది. బంటు తక్కువైనా ఆ పొజిషన్‌లో నల్లపావులతో కూర్చోమంటే నేను కూర్చోను. సరైన జవాబు బిషప్‌ని డి7కి వెనక్కి లాగడం, బోట్విన్నిక్ చేసిందీ అదే. అయితే ఆ బిషప్‌ని బయటికి తేవడం కోసమే కదా ఈ డిఫెన్స్ ఆడేది!

తెలిసినవాళ్లు మాత్రం 4...హెచ్5 వేస్తారు (మూడు చుక్కలుంటే నల్లపావుల ఎత్తు). అసలు పరీక్ష ఇక్కడే. జి4 ఆగిపోతుంది. దాడి అనుకుని మొదలుపెట్టింది చదరంగం అవుతుంది. బదులుగా జి5 గడి నాకు దక్కుతుంది, దాన్ని నల్ల బంట్లు కాపాడాలంటే ఎఫ్6 వేసుకోవాలి. హెచ్5 బంటు వల్ల రాజుపక్క క్యాజ్లింగ్ చేయడానికి (రాజుని, రూక్‌ని ఒకే ఎత్తులో జరిపి రాజుని పక్కకి దాచడానికి) అవతలివాడు జంకుతాడు. ఇక్కడ మొదట 5.బిషప్ డి3 ఆడేవాణ్ణి. బిషప్‌లు మారాక వాళ్లు క్వీన్‌ని ఎ5 మీదుగా ఎ6కి తెచ్చి క్వీన్‌లు కూడా మార్చేద్దామంటారు. ఎండ్‌గేమ్‌లో చెడ్డగా ఏమీ ఉండదు, కానీ దానికోసం హెచ్4 ఎందుకు వేసినట్టు? ఇప్పుడు 5.సి4 ఆడుతున్నాను, మధ్యలో కొట్లాట మిగులుతుంది.

లోపాలు కూడా చెప్పాలి. నల్ల గుర్రం ఇ7 మీదుగా ఎఫ్5లో దిగితే డి4, హెచ్4 రెండింటినీ ఒకేసారి గుచ్చుతుంది. నేను రాజుపక్క క్యాజ్లింగ్ చేసుకుంటే హెచ్4కి రూక్ కాపలా కూడా పోతుంది. దీనికి ఓడి ఓడి నేర్చుకున్న మందు: ముందు నల్లగడుల బిషప్‌ని జి5లో పెట్టడం, ఆ తర్వాత గుర్రాన్ని ఇ2 నుంచి జి3కి తేవడం. జి3లో తింటే ఎఫ్ బంటుతో తిరిగి తింటాను. హెచ్4కి కాపలా దొరుకుతుంది, ఎఫ్ ఫైల్ తెరుచుకుంటుంది. ఈ చిన్న సంగతి తెలిశాకే ఈ లైన్ నాదనిపించింది.

ఇంకో చికాకు 3...సి5. బిషప్ ఎఫ్5కి రానే రాదు, కాబట్టి హెచ్4కి అర్థమే లేదు. ఆ మ్యాచ్‌లో బోట్విన్నిక్ దాన్నీ వాడాడు. డి బంటుతో సి5 తింటాను, అవతలివాడు ఇ6 వేసి తీరిగ్గా తన బంటు తిరిగి తీసుకుంటాడు, నా ఇ5 బంటుని చూసుకోవడమే నాకు పనవుతుంది. ఈ లైన్ మొదలుపెట్టేవాళ్లు ముందు దీనికి జవాబు తయారుచేసుకోండి. నేను ఆ పని చివర్లో చేసి చాలా ఆటలు పోగొట్టుకున్నాను.

బ్లిట్జ్‌లో, రాపిడ్‌లో మారుమాట లేకుండా 4.హెచ్4 వేస్తున్నాను. గంటలకొద్దీ సాగే ఆటల్లో అవతలివాడు హెచ్5 వేసేవాడని ముందే తెలిస్తే నాలుగో ఎత్తులో గుర్రాన్ని ఎఫ్3కి తెస్తాను. టెన్షన్ తక్కువ. ఆట మాత్రం కాస్త చప్పగా ఉంటుంది.